ఊడవక్కర్లేని ఇళ్లు

మొదటిసారి నేను పాడుబడ్డ ఇంట్లోకి వెళ్లింది నిద్రపోవడానికి.

జైనూర్ అవతల అడవి ఊళ్లలో జ్వరాలు ముసిరిన వానకాలం అది. కరీంనగర్ ఆస్పత్రి నుంచి కొందరు నర్సులను అక్కడి చిన్న దవాఖానాకు పంపారు. అందులో నేనూ ఒకదాన్ని. నన్నే ఎందుకని అడిగే ఓపిక కూడా లేక సంచి సర్దుకుని వెళ్లాను. రాత్రంతా డ్యూటీ చేసి, పొద్దున ఊరికి పోదామని జీపు దగ్గరికి వస్తే డ్రైవరు నా మొహం చూసి, "మంది నిండాలె సిస్టర్, జర కూసోండ్రి," అన్నాడు. అక్కడ నిండితేగాని జీపు కదలదు. దవాఖానా వరండాలో కూర్చుంటే ఎవరో ఒకరు మళ్లీ పిలుస్తారు. వెనకాల పాత స్టాఫ్ క్వార్టర్లు ఉన్నాయి. తలుపులు ఎవరో ఎప్పుడో ఊడబెరుక్కుని పోయారు. ఒక గదికి కప్పు సగమే మిగిలింది. ఆ సగం కింద గోడకు ఆనుకుని కూర్చున్నాను. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

జీపు హారను మోగేదాకా మెలకువ రాలేదు. ఎంతసేపు పడుకున్నానో తెలియదు కానీ, లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇంట్లో పరుపు మీద రాత్రంతా పడుకున్నా అలా ఉండదు. ఆ గదిలో ఏముందా అని జీపులో దారి పొడుగునా ఆలోచించాను. అక్కడ ఏమీ లేదు. ముఖ్యంగా నన్ను పిలిచేవాళ్లు లేరు.

నా రోజు ఎట్లా గడుస్తుందో చెబితేగాని ఈ మాట అర్థం కాదు. వార్డులో ప్రతి మంచం నుంచీ సిస్టర్, సిస్టర్. ఇంటికి వస్తే మా అత్త. పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఆమె నన్ను పేరు పెట్టి పిలవదు, "ఏయ్" అంటుంది, ఇంట్లో ఎంతమంది ఉన్నా అది నన్నేనని అందరికీ తెలుసు. మా ఆయనకు కళ్లద్దాలు ఎక్కడున్నాయో నేనే చెప్పాలి, అవి ఆయన ముక్కు మీదే ఉన్నా సరే. ఇక ఊడవడం అయితే నా చేతికి పట్టిన రోగం. చుట్టాలింటికి పోయినా నా చూపు మూలల్లోకే పోతుంది. చీపురు కనబడితే చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంది.

పాడుబడ్డ ఇంట్లో మాత్రం అట్లా కాదు. మోకాలి ఎత్తు దుమ్మున్నా నాకేమీ అనిపించదు. అది నా దుమ్ము కాదు. బూజు దులపమని ఎవరూ అనరు. గబ్బిలాల రెట్ట కడగమని ఎవరూ అనరు. గోడ కూలిపోతే కూలిపోతుంది, నన్ను అడగదు. కొందరు తీర్థాలకు పోతారు, కొందరు చీరల దుకాణాలకు పోతారు. నాకు ఇదొకటి పట్టుకుంది.

నా ఒక్కదాని వల్ల అయితే ఇది అలవాటయ్యేది కాదు. మా ఆస్పత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేసే ఒకామె ఉంది, చెల్లె అని పిలుస్తాను. కరీంనగర్‌లో పాత ముస్లిం కుటుంబం, వాళ్లది ఇత్తడి సామాన్ల దుకాణం. ఒకరోజు అన్నాలు తినేటప్పుడు ఫోనులో ఫోటోలు చూపించింది. అన్నీ విరిగిన మెట్లు, ఊడిన కిటికీలు, పగుళ్లు పట్టిన గోడలు. ప్లాటు కొనడానికి చూస్తోందేమో అనుకున్నాను. కాదట, సెలవు రోజుల్లో స్కూటీ వేసుకుని పాత కట్టడాలు చూడ్డానికే పోతుందట. నా జైనూర్ నిద్ర సంగతి చెప్పాను. పగలబడి నవ్వి, "మరి నాతోని రా అక్కా. నేను ఫోటోలు తీసుకుంట, నువ్వు పండుకో. ఎవల పని వాళ్లదే," అంది. అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు మావి. ఆ పూట మా ఆయన వాళ్ల అమ్మ దగ్గర కూర్చుంటాడు.

"గా పాడుబడ్డ కొంపలల్ల ఏమున్నదే?" అని ఆయన ప్రతిసారీ అడుగుతాడు.

"ఏం లేదు," అంటాను. నిజమే కదా. ఆయన మాత్రం ఏదో దాస్తున్నాననే చూస్తాడు.

తిరగ్గా తిరగ్గా ఈ పనికీ కొన్ని పద్ధతులున్నాయని తెలిసింది. చేతిలో కర్ర లేకుండా గడప దాటకూడదు. లోపలికి పోయే ముందు నేల మీద కొట్టి కాసేపు ఆగితే, పాముంటే దాని దారిన అది పోతుంది. కిటికీ మీద విరిగి వేలాడే సన్‌షేడు కింద నిలబడకూడదు. కొత్త పేకముక్కలు కనబడితే వెనక్కి తిరగాలి, ఆడేవాళ్లు దగ్గర్లోనే ఉన్నారన్నమాట. ఏ వస్తువూ తీసుకురాకూడదు. ఇది చెల్లె పెట్టిన నియమం, నాకేమో ఇంట్లో ఉన్న సామాను తోమడమే ఎక్కువ కాబట్టి కష్టం కాలేదు. దయ్యాలున్నాయా అని అందరూ అడుగుతారు. ఉన్నాయేమో మరి. ఉన్నా నాకు ఏ పనీ చెప్పలేదు.

ఇద్దరం ఒకే గదిలోకి వెళ్లినా మేం చూసేవి వేరు. కొండగట్టు దారిలో మూసేసిన ఒక సత్రం ఉంది. చెల్లె అందులో గోడ రంగులు గోరుతో గీకి, కింద ఇంకో రంగు, దాని కింద ఇంకోటి అని సంబరపడింది. నేత పని చేసేవాళ్ల ఊళ్లో ఒక మరమగ్గాల షెడ్డులోకి పోయాం. మగ్గాలు ఎత్తుకుపోయినా కిటికీ జాలీలో దూది పొట్టు అట్లాగే ఉంది. మగ్గం నడిపేవాడు ఎటు తిరిగి నిలబడేవాడో, టీ గ్లాసు ఎక్కడ పెట్టేవాడో ఆమె చెబుతూనే ఉంది. నేను ఆ మాటలు వింటూ నిద్రలోకి జారిపోయాను. నేను ఒక్కటే కనిపెట్టాను. ఖాళీ చేసిన ప్రతి ఇంట్లో ఒక మూల చీపురు ఉంటుంది. పాత చీపురు కొత్తింటికి తీసుకుపోరు కదా. తలుపులు, బోళ్లు, దేవుడి పటాలు, మేకులు కూడా తీసుకుపోతారు, చీపురు మాత్రం వదిలేస్తారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఎందుకో తృప్తిగా ఉండేది.

ఇదంతా సరదా కోసమే అనుకుంటే పొరపాటు. ఆ ఏడాది చలికాలంలో ఒకరోజు వార్డులో నిలబడి నిలబడే కునుకు తీశాను. చేతిలో ట్రే కింద పడింది. సూదులు, సీసాలు నేలంతా దొర్లాయి. అందరూ అయ్యో అన్నారే గాని ఎవరూ తప్పు పట్టలేదు. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఈసారి ట్రే పడింది. ఇంకోసారి ఇదే కునుకులో ఒకరికి ఎక్కించాల్సిన మందు ఇంకొకరికి ఎక్కిస్తే? ఆ ఆదివారం నిద్ర పట్టిన వారం నిలబడగలిగేదాన్ని. పట్టని వారం చేతులు వణికేవి. అందుకే దాన్ని ఎవరి కోసమూ వదులుకోదలచలేదు, మా ఆడపడుచు ఇంట్లో పుట్టువెంట్రుకలకు కూడా పోలేదు. దానికి ఇప్పటికీ మాటలు పడుతున్నాను.

ఎండాకాలం వచ్చేసరికి మాకొక మంచి ఇల్లు దొరికింది. డ్యాం వెనక మునక కింద పోయిన ఊరు అది. జనం ఖాళీ చేసి కొన్నేళ్లయింది. ఎండలకు నీళ్లు వెనక్కి జరిగితే సగం ఊరు బయటపడుతుంది. కిందివైపు ఇళ్లు మొండి గోడలే, నిండా ఒండ్రు. పైవైపు ఒడ్డున కొన్నిటిదాకా ఇంకా నీళ్లు రాలేదు. జనం పోతూ తలుపులు, దర్వాజలు, దూలాలు తీసుకుపోయారు. కొందరు స్లాబు పగలగొట్టి ఇనుము కూడా తీసుకున్నారు. ఈ ఇల్లు ఎందుకో స్లాబుతో సహా నిలబడి ఉంది. రెండు గదులు, ముందర వసారా. వసారా గోడ మీద ఎవరిదో పెళ్లికి రాయించిన పేర్లు, వాటి మీదుగా ఎర్ర రంగుతో సర్వే నంబరు. వెనక గదిలో కిటికీ ఉన్న చోట పెద్ద బొక్క. దాంట్లోంచి నీళ్ల మీది గాలి చల్లగా వచ్చేది. పాత చీర దుమ్ములోనే పరుచుకుని పడుకునేదాన్ని. కట్టుకున్న ఇంట్లో కూడా నాకు అంత దర్జా లేదు.

నెలకు పైనే అట్లా హాయిగా జరిగింది. ఒక ఆదివారం పోయి చూస్తే ఇల్లు ఊడ్చి ఉంది.

వెనక గది, ముందు గది, వసారా అన్నీ ఊడ్చారు. మూలల్లో బూజు కూడా దులిపారు. నాకు కడుపు మండిపోయింది.

"ఎవలు ఊడ్చిండ్రు దీన్ని?" అన్నాను.

"ఊడిస్తే ఏమైంది అక్కా, మంచిగనే ఉన్నది గద," అంది చెల్లె.

"నాకు మంచిగ లేదు."

ఊడ్చిన గచ్చు చూడగానే నేను చెప్పులు బయట విడిచాను. ఆ సంగతి లోపలికి వెళ్లాకగాని నాకే తెలియలేదు. అంటే అది మళ్లీ ఒకరి ఇల్లయిపోయింది. ఆ రోజు పడుకున్నాను గాని, ఎవరైనా వస్తారేమోనని చెవులు బయటే ఉన్నాయి.

తరువాతి వారం వాకిట్లో పేడనీళ్లతో సాన్పి చల్లి, ముగ్గు వేసి ఉంది. వెనక గదిలో సరిగ్గా నేను పడుకునే చోట చాప పరిచి ఉంది. పక్కన కుండలో మంచినీళ్లు, కుండ మీద బోర్లించిన స్టీలు గ్లాసు. చెల్లె మొహం తెల్లబోయింది. "ఎవలో ఉంటుండ్రక్కా. మనం పరేషాన్ల పడుడు ఎందుకు, పోదాం పా," అంది. ఒక పాత రైసుమిల్లుకు పోయాం. నిండా సీసా పెంకులు, ముక్కు పగిలే కంపు. మెట్టు మీద కూర్చుని కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చాను. ఆ వారం వార్డులో ప్రతి సీసా మీది పేరు పైకి చదువుకుంటూ గడిపాను.

మళ్లీ ఆదివారం ఆ ఇంటికే బండి పోనియ్యమన్నాను. ఆ చాప వేసినవాళ్లెవరో చూసి, ఇక్కడ నీకేం పని అని అడగాలని ఉంది. నాకేం పని అని వాళ్లు ఎదురు అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు.

వసారాలో ఒక పెద్దామె కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. మమ్మల్ని చూడగానే లేచి చెంగు భుజం మీదికి సర్దుకుంది.

"రాండ్రి బిడ్డా, రాండ్రి. పోయిన ఆదివారం రాకపోతిరి? నీళ్లు తాగినట్టు గూడ లేదు. ఇల్లు మంచిగ లేదని పోయిండ్రో ఏమో అనుకున్న," అంది.

ఆ ఇల్లు ఆమెదే. ఇప్పుడు నిర్వాసితులకు ఇచ్చిన కాలనీలో కొడుకు దగ్గర ఉంటోంది. మేకలు కాసే ఒకాయన కాలనీకి పోయి, నీ ఇంట్లో ఎవరో ఆడామె వచ్చి పడుకుంటోందని చెప్పాడట. ఇంకొకరైతే తిట్టడానికి వచ్చేవాళ్లు. ఈమెకు మాత్రం ఇంటికి చుట్టాలు వస్తుంటే ఇల్లు దుమ్ము కొట్టుకుని ఉందనే బెంగ పట్టుకుంది. ఆటో ఎక్కి రోడ్డు దాకా వచ్చి, అక్కడి నుంచి చీపురు, కుండ పట్టుకుని ఎండలో నడిచి వచ్చి, మేం రాకముందే సర్దిపెట్టి పోయేది, ఈసారి మమ్మల్ని చూసి పోదామని ఆగింది.

"ఇంటికి వచ్చిన మనిషి దుమ్ముల పండుకుంటదా? మంది వింటే ఏమంటరు?" అంది.

నేను పడుకున్న దుమ్ము ఎవరి పరువు తీస్తోందో నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆమె గిన్నె మూత తీసి ఉడకబెట్టిన పెసర గుడాలు పెట్టింది. తిన్నాం. ఏ ఊరు, ఎవరోళ్లు, పిల్లలెందరు, అత్త ఉందా అని వరసగా అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. నర్సునని నోరు జారాను. వెంటనే ముంజేయి చాపి, "జర సూడు బిడ్డా, గీడ తిమ్మిరెక్కుతది," అంది. పాడుబడ్డ ఇంట్లో కూర్చుని నాడి పట్టుకున్నాను.

అట్లా కొన్ని ఆదివారాలు పోయాయి. చెల్లెకు పండగే. ఆ తలుపు ఏ కర్రతో చేశారు, ఆ గూట్లో ఏం పెట్టేవాళ్లు అని ఆమెను అడిగి తెలుసుకునేది. ఇన్నాళ్లూ ఊహించుకున్నవి చెప్పేవాళ్లే దొరికారు. నా పనే అయిపోయింది. ఒకరి ఇంటికి ఉట్టి చేతులతో పోకూడదు కాబట్టి పండ్లు కొనుక్కుని పోవాల్సి వచ్చింది. మా ఆయన సంచి చూసి, "పాడుబడ్డ ఇంటికి గూడ పండ్లు పట్కపోతున్నవా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పెద్దామె "పండుకో బిడ్డా, పండుకో" అనేది. అంటూనే పక్కన కూర్చుని కొంగుతో ఈగలు తోలేది. ఈగలు తోలుతున్న మనిషి ముందు నిద్ర ఎట్లా పడుతుంది? కళ్లు మూసుకుని నిద్ర నటించేదాన్ని. అది మెలకువగా ఉండటం కంటే ఎక్కువ అలసట. సోమవారం పొద్దున డ్యూటీ ఎక్కితే చేతులు మళ్లీ వణికేవి.

మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆమె ప్రతి వారం ఎండలో నడిచి వచ్చి, ఊడ్చి, నీళ్లు పెట్టి ఎదురుచూస్తుంది. అది తలుచుకుంటే ఇంకో బరువు. చెప్పేద్దామంటే నోరు రాదు. ఈ లోపల మబ్బులు పట్టాయి. ఈసారి డ్యాం నిండా నింపుతారట, పైవైపు ఇళ్లు కూడా మునుగుతాయని ఊళ్లల్లో చెప్పుకుంటున్నారు.

చివరికి ఒక ఆదివారం గిన్నె మూత తియ్యబోతున్న ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఓపిక పూర్తిగా అయిపోయింది. మర్యాదగా చెప్పడానికి కావలసినంత కూడా మిగల్లేదు.

"ఏం అనుకోకు పెద్దమ్మా. నేను ఈడికి వచ్చేది ఎవ్వలు ఉండరని. ఇంట్ల అందరికి చేసి చేసి పానం ఒడిసిపోతుంది. ఈడ ఎవ్వలు పిలువరు, ఎవ్వలు ఏమి అడుగరు, ఓ గంట పండుకుంట. గంతే. నువ్వు మంచిదానివే. కని నువ్వుంటే నాకు నిద్ర పడ్తలే."

చెల్లె నా వంక చూసి తల దించుకుంది. ఇంటామెను ఆమె ఇంట్లోనే నువ్వుండొద్దు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుందామని చూశాను గాని అప్పటికే అనేశాను.

పెద్దామె మూత మళ్లీ పెట్టింది. ఆ తరువాత గోడకు ఒరిగి కాళ్లు చాపుకుంది. ఇన్ని వారాల్లో ఆమె కాళ్లు చాపుకోగా నేను చూడటం అదే మొదలు.

"గా మాట ముందుగాల్నే చెప్పొద్దా బిడ్డా," అంది. "నేను గూడ గందుకే వస్తున్న."

ఆమె చెప్పింది విన్నాక నాకు సిగ్గు కంటే ఎక్కువ నీరసం వచ్చింది. కొత్తింట్లో ముగ్గురు మనవలు, ఒకటే టీవీ, పక్కింటి గోడకు ఆనుకునే వీళ్ల గోడ. పొద్దున లేస్తే పొయ్యి కాడ ఆమే. కోడలు బీడీలు చుట్టాలి, కొడుకు పనికి పోవాలి, కాబట్టి మిగిలిందంతా ఈమెదే. తన మానాన తను కాసేపు పాత ఊరికి పోయి వస్తానంటే ఎవరూ పంపలేదు. అక్కడ నీకేముంది అన్నారట. మేకలాయన మా సంగతి చెప్పిన రోజు ఆమెకు దారి దొరికింది. ఇంటికి చుట్టాలు వస్తున్నారు, ఊడ్చి రావాలి అంటే ఎవరూ కాదనలేకపోయారు.

"ఊడుసుడు ఎంతసేపు? ఊడ్సి, గా కిటికిల కూసుండి నీళ్లు సూసుకుంట ఉంటిని. మీరు వచ్చినంక, ఇంటామెనాయె, ఊకె ఎట్ల కూసుంట? పెట్టాలె గద, మాట్లాడాలె గద," అంది.

అంటే ఇన్నాళ్లూ ఆమె విశ్రాంతి నేను పాడుచేశాను, నా విశ్రాంతి ఆమె పాడుచేసింది. ఇద్దరం మర్యాదకు పోయి ఒకరి ముందు ఒకరం కూర్చున్నాం.

ఆ రోజు ఎవరం ఎవరికీ ఏమీ పెట్టలేదు. ఆమె ముందు గదిలో ఒక గోడ వైపు తిరిగి పడుకుంది. నేను వెనక గదిలో పడుకున్నాను. చెల్లె ఫోటోలు కూడా తియ్యకుండా వసారాలో తల కింద సంచి పెట్టుకుంది. బయట చిన్నగా తుంపర మొదలైంది. ఎంతో కాలానికి మళ్లీ జైనూర్‌లో పట్టినట్టు నిద్ర పట్టింది.

లేచేసరికి పెద్దామె గడప మీద కూర్చుని నీళ్ల వైపు చూస్తోంది. దర్వాజ తీసుకుపోయినా గడప రాయి మిగిలింది. నీళ్లు పోయిన వారం కంటే దగ్గరికి జరిగాయి.

"వచ్చే వారానికి వాకిట్లకు వస్తయి. గా పై వారం ఇంట్లకు," అంది నా వైపు తిరగకుండానే. "మీరు వేరే ఇల్లు సూసుకుంటరు గద. ఇసొంటియి ఏడేడున్నయో మీకు ఎరికంట, గీ పిల్ల చెప్పింది."

"ఉన్నయి," అన్నాను.

"నన్ను గూడ తోల్కపో బిడ్డా. నేను ఊడ్వ. నీళ్లు తేను. ఏమి అడుగ, ఏమి మాట్లాడ. ఎవలదో ఇల్లు గద, ఓ మూలకు పండుకుంట."

చూద్దాంలే అనబోయాను. ఎవరేం అడిగినా నా నోటి నుంచి ముందుగా వచ్చే మాట అది, కాదనడానికి నేను వాడే మాట. మళ్లీ ఒకరు నన్ను అడుగుతున్నారు, అదీ ఈ చోటికి వచ్చి. కానీ ఆమె తను కట్టించుకున్న ఇంటి గడప మీద కూర్చుని, ఎవరో వదిలేసిన ఇంట్లో ఒక మూల కోసం నన్ను బతిమాలుతోంది. ఏ మూలైనా సరే, అక్కడ తనకు పని లేకపోతే చాలు. అంత చిన్న కోరికను నేను ఎవరి ముందూ పెట్టలేక దొంగలా తిరుగుతున్నాను.

"స్కూటీ మీద ముగ్గురం పట్టం పెద్దమ్మా," అన్నాను.

"నేను బస్సుల వస్త. ఏ ఊరో చెప్పు."

చెప్పాను. మరిచిపోకుండా ఆ ఊరి పేరు పైకి అనుకుంటూ ఆమె గిన్నె సర్దుకుంది.